పొడి మేజోళ్లు

ఓర్లియాన్
1997 ఏప్రిల్ 6

ఉగెత్ అక్కకు,

నేను నిక్షేపంలా ఉన్నాను. అరవై ఆరేళ్లకి నా ఈడువాళ్లంతా కుర్చీలోంచి లేవడానికే మూలుగుతుంటే, నేను మొన్న ఆదివారం నూటిరవై కిలోమీటర్లు తొక్కి వచ్చి, వచ్చాక పెరట్లో గడ్డి కూడా కోశాను. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాటే.

సంగతేమిటంటే, మా సైకిల్ క్లబ్బు వాళ్లు ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. "బండ్లు రాని దారులు" అని పేరు. ముప్ఫై దారులు ఏరి, ఒక్కొక్కదాని గురించి రెండు పేజీలు రాసే పని నాకు అప్పగించారు. ఇంకెవరికిస్తారులే! మ్యాపులో ఎర్ర గీతలు లారీలవి, పసుపు గీతలు కార్లవి. ఆ ఉక్కు డబ్బాల్లో కూర్చుని, ఆదివారం పూట పొట్టల్ని షికారు తిప్పే జనానికి అవి చాలు. సన్నటి తెల్ల గీతలు మాత్రం మావి.

నీ ఇంటి ముందు దారి నాకు బాగా గుర్తుంది. వెర్నాద్ నుంచి వంతెన దాటి, అడవిలోంచి ఒర్జోల్ దాకా నాలుగు కిలోమీటర్లు. దాన్ని పుస్తకంలో పెట్టాలనుకుంటున్నాను. రోజుకి ఎన్ని బండ్లు వెళతాయో ఒక వారం పాటు చూసి రాయి. నీకెలాగూ పెద్ద పనేం ఉండదు కదా.

నేనే వచ్చి చూడొచ్చుగా అంటావు. ఎందుకు రానో నీకు తెలుసు. 1962లో అంతమంది ముందు మీ ఆయన నన్నన్న మాట వెనక్కి తీసుకునే దాకా మీ గడప తొక్కను. ఆయన్ని అడిగినట్టు చెప్పొద్దు.

నీ తమ్ముడు
ఎడ్మోన్


వెర్నాద్
1997 ఏప్రిల్ 21

ఒరేయ్ ఎడ్మోన్,

పెద్ద పనేం ఉండదా నాకు? ఎంత మాటన్నావురా! కోళ్లు, మేక, పొయ్యిలోకి కట్టెలు, వీటన్నిటి మాట అలా ఉంచు. మీ బావ ఫిబ్రవరి నుంచి ఒర్జోల్ వృద్ధాశ్రమంలో ఉన్నాడు. నీకు రాయలేదు. రాస్తే మాత్రం ఏం ఒరగబెడతావని? లెయోన్స్‌కి ఇప్పుడు మనుషులు గుర్తుండటం లేదు. నేనెవరో కూడా ఒక రోజు తెలుస్తుంది, నాలుగు రోజులు తెలీదు. కానీ నా చేతి చెంచా అయితేనే నోరు తెరుస్తాడు. నర్సులు పెడితే పళ్లు బిగబట్టుకుంటాడు. అందుకని రోజూ పదకొండున్నరకి మోపెడ్ మీద బయల్దేరి, వంతెన దాటి వెళ్లి, ఆయనకింత సూప్ పట్టించి వస్తున్నాను. ఇదీ నా తీరుబడి.

ఇక నీ బండ్ల లెక్క రాసుకో. ఉత్తరాలమ్మాయి పసుపు కారు, ఒకటి. చెవిటి ఆన్సెల్మ్ ట్రాక్టరు, బుద్ధి పుట్టినప్పుడు. పోయేటప్పుడు నేను, వచ్చేటప్పుడు నేను. అంతే. ఎందుకంటావా? బడి మూసేశారు, రొట్టెల కొట్టు మూసేశారు, రైలు పట్టాలు పీకేశారు, కుర్రవాళ్లందరూ వెళ్లిపోయారు. దీన్నే మీ పట్నం వాళ్లు ప్రశాంతత అంటారు కాబోలు. పోయిన వేసవిలో సైకిళ్ల మీద ముగ్గురొచ్చారు, తొడలకి అంటుకుపోయిన నల్ల లాగులూ వాళ్లూనూ. నా కుళాయి దగ్గర సీసాలు నింపుకుని "ఆహా, ఎంత హాయిగా ఉందండీ ఇక్కడ!" అన్నారు. ఆ పూట మీ బావ రాత్రి చొక్కాతో పచ్చికబయల్లో దారి తప్పి తిరుగుతుంటే నేను వెతుక్కుంటున్నాను. వాళ్లు ఆవులకి ఫొటోలు తీసుకుని వెళ్లారు.

అన్నట్టు మరిచాను, కలప లారీలున్నాయి. రోజుకి ఆరు. కిటికీ అద్దాలు ఊడిపడేటట్టు పోతాయి. ఆ వంతెన ఎవడైనా మూసేసి పుణ్యం కట్టుకుంటే చర్చిలో నిలువెత్తు కొవ్వొత్తి వెలిగిస్తాను.

ఆ నాలుగు కిలోమీటర్లు ఎంత బాగుంటాయో నువ్వు నాకు చెప్పక్కర్లేదు. బడికి నాన్న నీకు సైకిల్ కొనిచ్చాడు. ఆడపిల్లకెందుకని నన్ను చెక్కచెప్పులేసుకుని నడవమన్నాడు. వెనక నుంచి గంట కొట్టుకుంటూ వచ్చి నా మీద బురద చిమ్మి పోయేవాడివి. ఆ దారి నాకు అడుగడుగూ తెలుసు.

ఉగెత్


ఓర్లియాన్
1997 జూన్ 15

అక్కా,

కోపంలో కూడా నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. అది మాత్రం నాన్న పోలికే.

బావ సంగతి చదివాను. బాధగానే ఉంది. కానీ ఒక్కటడుగుతాను, ఏమీ అనుకోకు. నర్సులు పెడితే తినడా? అంత మహారాజా? ఆయన తీరెప్పుడూ ఇంతే. మన పెళ్లిళ్లలో కూడా మాంసం ముక్క నువ్వు కోసి పెడితే గానీ ముట్టేవాడు కాదు. నువ్వే అలా అలవాటు చేశావు. నాలుగు రోజులు మానేసి చూడు, ఆకలేసి ఆయనే తింటాడు. తెలివైనవాడు ఊరికే తెలివి పోగొట్టుకోడు, ఎక్కడో దాచుకునే ఉంటాడు.

ఇప్పుడు మంచి కబురు చెబుతాను, విను. నువ్వు లారీల గురించి రాసింది చదివి నా రక్తం ఉడికిపోయింది. మా క్లబ్బు కాగితం మీద మీ జిల్లా రోడ్ల ఆఫీసుకి ఉత్తరం రాశాను. వంతెన నుంచి ఒర్జోల్ దాకా మోటారు బండ్లని పూర్తిగా ఆపేసి, సైకిళ్లకీ నడిచేవాళ్లకీ మాత్రమే వదలాలని అడిగాను. ఆ ఊరి మనిషే కోరుతోందని నువ్వన్న కొవ్వొత్తి మాట కూడా అలాగే ఎత్తి రాశాను. మా అధ్యక్షుడికి అక్కడ తెలిసినవాళ్లున్నారు. వాళ్లు కూడా ఇలాంటి దారి కోసమే చూస్తున్నారట, ఎండాకాలం పట్నం వాళ్లొస్తారని.

ఇక నీ కిటికీ అద్దాలకేం ఢోకా లేదు. కొవ్వొత్తి కొనిపెట్టుకో! కృతజ్ఞతలు అక్కర్లేదులే.

ఎడ్మోన్


వెర్నాద్
1997 సెప్టెంబరు 9

ఎడ్మోన్,

నీ నెత్తిన పెట్టి వెలిగించాలిరా ఆ కొవ్వొత్తి.

మూసేశారు. ఆగస్టు ఇరవైన ఇద్దరు మనుషులొచ్చి వంతెనకి ఇటూ అటూ, ఒర్జోల్ దగ్గరా ఇనప కమ్మీలు పాతారు. మెలికలు తిప్పి పాతారు. సైకిలైతే వంచుకుని దూర్చుకోవచ్చు. మోపెడ్ దూరదు. "మోపెడ్లు పోకూడదనే ఇలా పెడతామమ్మా" అని వాళ్లలో ఒకడు నాకు విడమరిచి చెప్పాడు, నేనేదో మెచ్చుకోవడానికి వచ్చానన్నట్టు. కమ్మీ మీద ప్లాస్టిక్ కాగితంలో నోటీసు. అందులో నా పేరు! "వెర్నాద్ నివాసి శ్రీమతి ఉగెత్ గారి కోరికను కూడా పరిగణించి." కొవ్వొత్తి మాటతో సహా అచ్చేశారు. చదివి తల కొట్టేసినట్టయింది.

చుట్టు తిరిగి వెళ్తే ఇరవై మూడు కిలోమీటర్లు, పెద్ద రోడ్డు మీద. ఇప్పుడా కలప లారీలన్నీ ఆ రోడ్డు మీదే పోతున్నాయి. ఎనిమిది రోజులు వెళ్లాను. తొమ్మిదో రోజు ఒకడు రాసుకుంటూ పోయాడు, ఆ గాలికే నేనూ మోపెడూ సూప్ క్యానూ గోతిలో పడ్డాం. క్యాను సొట్టపోయింది. నా కుడి మోకాలు గుమ్మడికాయంత వాచింది. ఇప్పుడు కర్ర పట్టుకుని అడవిలోంచి నడిచి వెళ్తున్నాను, అదీ వారానికి రెండుసార్లే. ఆన్సెల్మ్‌ని ట్రాక్టరు మీద తీసుకెళ్లమంటే వాడికి వినపడదు, వినపడితే లారీల భయం.

నువ్వు చెప్పిన వైద్యం జరుగుతోందిలే. నాలుగు రోజులు మానేసి చూడమన్నావుగా? మీ బావ అరవై రెండు కిలోల మనిషి, యాభై ఒకటికి వచ్చాడు. నలభై ఎనిమిదికి దిగితే పట్నంలో పెద్దాసుపత్రికి పంపి గొట్టం వేస్తామని డాక్టరు చెప్పింది. పట్నం ఎనభై కిలోమీటర్లు. అక్కడికి తీసుకెళితే నేను మళ్లీ ఆయన్ని చూడను. అంతే, అందులో ఇంకో మాట లేదు.

నీ ప్రశాంతత ఎలా ఉందో చెప్పమంటావా? అద్భుతం. నిన్న అడవిలో దారికి అడ్డంగా కూర్చుని ఏడిచాను, ఒక్క పురుగు కూడా పలకరించలేదు.

ఉగెత్


ఓర్లియాన్
1997 సెప్టెంబరు 30

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీ మోపెడ్ కూడా మోటారు బండే అన్న సంగతి నాకు తట్టనే లేదు. నిజం చెబుతున్నాను. నలభై ఏళ్లుగా నేను లోకాన్ని రెండు ముక్కలు చేసి చూస్తున్నాను. తొక్కేవాళ్లు మనుషులు, తక్కినవాళ్లు మోటార్లు. నిన్ను ఆ రెండో ముక్కలో ఎప్పుడూ పెట్టలేదు. మొదటి ముక్కలోనూ పెట్టలేదనుకో.

రోడ్ల ఆఫీసుకి వెంటనే రాశాను, ఆ ఊళ్లో ఉండేవాళ్లకి మినహాయింపు ఇమ్మని. మూడు వాక్యాల జవాబొచ్చింది. వాళ్ల రోడ్ల సంఘం మార్చిలో కూర్చుంటుందట, అప్పుడు చూస్తారట. మూసెయ్యమంటే రెండు నెలల్లో మూసేశారు, తెరవమంటే ఆరు నెలలు. గాడిదలు.

పుస్తకం అచ్చయింది. ఒకటి పంపుతున్నాను. నీ దారి ఇరవై రెండో పేజీలో ఉంది. ఇప్పుడు చదివితే నాకే సిగ్గుగా ఉంది కానీ, అచ్చయిపోయింది.

నేను రావాలనే నీ మనసులో ఉంటుంది. ఎలా రాను చెప్పు? 1962లో ఆ వానలో ఒర్జోల్ దాకా రెండు వందల కిలోమీటర్లూ తొక్కి, రుజువుకి ఆగిన ప్రతి ఊళ్లో కార్డు మీద ముద్ర వేయించుకుని, తొమ్మిది ముద్రలూ చూపించాను. అయినా అమ్మానాన్నా, పాదిరిగారూ, చుట్టాలూ అంతా అక్కడే భోజనానికి కూర్చున్న చోట ఆయన వంగి నా కాళ్లు చూసి, "వానలో తొక్కినవాడి మేజోళ్లు ఇంత పొడిగా ఉన్నాయేం? రైల్లో వచ్చావా?" అన్నాడు. బల్లంతా ఘొల్లుమంది. నువ్వు కూడా నవ్వావు. ఆ మాట ఒక్కటి వెనక్కి తీసుకుంటే రేపే బయల్దేరతాను. మనిషికి పరువంటూ ఉంటుంది.

ఎడ్మోన్


వెర్నాద్
1997 అక్టోబరు 20

పరువుగల తమ్ముడికి,

మనిషినే మరిచిపోయినవాడు మాట వెనక్కి తీసుకోవాలా? చాల్లే, చెప్పొచ్చావు. కానీ ఒక వింత జరిగింది, నీకు చెప్పకుండా ఉండలేను.

మొన్న మంగళవారం కుంటుకుంటూ వెళ్లాను. దారిలో చదువుకుందామని నీ పుస్తకం సంచిలో వేసుకున్నాను. మీ బావ నాకు కూడా నోరు తెరవలేదు. కిటికీ వైపు తిరిగి పళ్లు బిగించాడు. నలభై తొమ్మిది కిలోలట ఆ రోజుకి. సూప్ చల్లారిపోతోంది. నాకు ఏడుపొస్తే ఏడవడం ఇష్టంలేక, ఎవరి మీదైనా కోపం తెచ్చుకుందామని నీ ఇరవై రెండో పేజీ తీసి పైకి చదివాను. "ఈ అడవిలో గాలి కూడా మునివేళ్ల మీద నడుస్తుంది" అని ఏడ్చావు చూడు, అక్కడికి రాగానే ఆయన ఇటు తిరిగాడు.

"ఎవడు రాశాడిది?" అన్నాడు. రెండు నెలల తర్వాత మొదటి మాట అది!

"నా తమ్ముడు. ఎడ్మోన్."

"ఎడ్మోనా?" అని పుస్తకం వైపు వేలు చూపించాడు. "వాడు రైల్లో వచ్చాడు."

అని నవ్వాడురా. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. నవ్వడానికి తెరిచిన నోట్లో నేను చెంచా పెట్టేశాను. మింగాడు. "మేజోళ్లు పొడిగా ఉన్నాయి" అన్నాడు, ఇంకో చెంచా. "పైగా ముద్రలు చూపిస్తాడు వెధవ!" ఇంకో చెంచా. గిన్నె మొత్తం తిన్నాడు. నన్ను మాత్రం "అమ్మాయ్, నువ్వు కొత్తగా చేరావా ఇక్కడ?" అని అడిగాడు. నలభై ఆరేళ్ల కాపురం గాలికి పోయింది, నీ పొడి మేజోళ్లు మిగిలాయి.

మర్నాడు నర్సు అదే పేజీ చదివి పెట్టబోయింది. నాలుగు చెంచాలు తిని, "వాడేడీ? వాణ్ణి పిలవండి, కాళ్లు చూడాలి" అని పట్టుబట్టాడట. ఇప్పుడు రోజూ అదే పాట. నువ్వు ఎదురుగా లేవని అలిగి మళ్లీ నోరు బిగించాడు. నా మోకాలు ఇక నడవనంటోంది. డాక్టరు వచ్చే నెల పదిహేను దాకా గడువిచ్చింది.

అందుకని అడుగుతున్నాను. జన్మలో నిన్నేమీ అడగలేదు, ఇదొక్కటే. ఇక్కడికొచ్చి మార్చి దాకా మా ఇంట్లో ఉండు. ఆ ఇనప కమ్మీల్లోంచి దూరగలిగే బండి నీ దగ్గరే ఉంది. ఎలాగూ నువ్వే పెట్టించావు కదా ఆ కమ్మీలు.

ఉగెత్


ఓర్లియాన్
1997 నవంబరు 2

అక్కా,

నిన్న సర్వపునీతుల పండగని అందరూ సమాధుల మీద చామంతులు పెట్టుకుంటుంటే నేను ఇంట్లో కూర్చుని నీ ఉత్తరం ముందు పెట్టుకున్నాను. ఇది రాయడానికి నాలుగు కాగితాలు చింపేశాను.

రైల్లోనే వచ్చాను.

నూట అరవై తొమ్మిదో కిలోమీటరు దాకా తొక్కాను. అక్కడ చేతి వేళ్లు కొయ్యబారి బ్రేకు అందలేదు. స్టేషన్ గదిలో పొయ్యి వెలుగుతోంది. రైలు కదలడానికి ఇంకా గంట ఉంది. ఒర్జోల్ ముప్ఫై ఒక్క కిలోమీటర్లు. ఎక్కేశాను. ఎక్కేముందు మేజోళ్ల బురద కడిగి, పొయ్యి దగ్గర ఆరబెట్టుకున్నాను కూడా. దారిలో రైలు ఆగిన రెండు చోట్లా పరుగెత్తుకెళ్లి పక్కనే ఉన్న కాఫీ కొట్లలో కార్డు మీద ముద్ర వేయించుకుని మళ్లీ ఎక్కాను. ముప్ఫై ఐదేళ్లు ఆ కార్డుని గాజు పటంలో పెట్టి గోడకి తగిలించుకున్నాను. ఆయన్ని అబద్ధాలకోరన్నాను. అందరితోనూ చెప్పాను.

ఇంకో సిగ్గుమాలిన సంగతి. నా పుస్తకంలో తొమ్మిదో దారి ఆ ముప్ఫై ఒక్క కిలోమీటర్లే. ఒక్క రోజు కూడా తొక్కలేదు. మ్యాపులో తెల్ల గీత చూసి రాశాను. "ఈ దారి తొక్కనివాడు బతికినట్టు కాదు" అని రాశాను. థూ, నా బతుకు!

గురువారం పొద్దున్నే బయల్దేరతాను. మూడు రోజులు పడుతుంది. ఆ ముప్ఫై ఒక్కటీ ఈసారి తొక్కుతాను. ఆదివారం మధ్యాహ్నం ఆశ్రమంలో అందరి ముందు నిలబడి, బావా, నువ్వన్నదే నిజం, నన్ను క్షమించు అని చెబుతాను. ఇన్నేళ్లకి ఆయన గెలిచాడని ఆయనకి తెలియాలి.

నీ తమ్ముడు
ఎడ్మోన్


వెర్నాద్
1997 నవంబరు 4

ఎడ్మోన్,

ఈ ఉత్తరం నువ్వు బయల్దేరే లోపు అందాలని ఉత్తరాలమ్మాయికి గుడ్లిచ్చి మరీ పంపుతున్నాను. నిలబడి చదవకు, కూర్చుని చదువు.

నువ్వు రైల్లో వచ్చావని నాకెప్పుడో తెలుసు. ఆ రాత్రి నీ మేజోళ్లు ఉతికింది ఎవరనుకున్నావు? బురద చుక్క లేదు, పొయ్యి బొగ్గు వాసన మాత్రం ఉంది. మీ బావకి చెప్పలేదు. నీకూ చెప్పలేదు. నువ్వు ఎంతకాలం సిగ్గు లేకుండా ఉండగలవో చూద్దామనుకున్నాను. ముప్ఫై ఐదేళ్లు ఉన్నావు, గట్టివాడివే. పటంలో పెట్టుకున్నావటగా! అది చదివి ఒంటరిగా పడీపడీ నవ్వాను.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. క్షమాపణలూ గిమాపణలూ నీ దగ్గరే ఉంచుకో. ఆయనకి ఒక్క ముక్క కూడా చెప్పొద్దు. నువ్వన్నదే నిజం బావా అని నువ్వు ఒప్పుకున్నావంటే ఆయన సరేనంటాడు, తృప్తిగా కళ్లు మూసుకుంటాడు, నోరు కూడా మూసుకుంటాడు. ఆ తర్వాత దేనికి తెరుస్తాడు? నిన్న నలభై ఎనిమిదిన్నర. ఆయనకి భార్య లేదు, ఇల్లు లేదు, నిన్న లేదు, రేపు లేదు. నిన్ను ఏడిపించడమొక్కటే మిగిలింది. అది కూడా లాక్కోకు.

అందుకని నువ్వు ఆయన ఎదురుగా కూర్చుని, చేతిలో గిన్నె పట్టుకుని, రైలెక్కలేదనే చెప్పు. ఒట్టేసి చెప్పు. చెంచా చెంచాకీ చెప్పు. ఆ ముద్రల కార్డు కూడా పటంతో సహా పట్రా, బల్ల మీద పెట్టి వాదించు. అబద్ధం ఎలా చెప్పాలో నీకు నేను నేర్పక్కర్లేదు. మార్చి దాకా రోజూ చెప్పాలి, గుర్తుంచుకో. పరువు పోతుందంటావా, పోనీ. దానికన్నా మీ బావ బరువు ముఖ్యం నాకు.

పట్టాలు పీకేసి ఇరవై ఏళ్లయింది కాబట్టి ఈసారి నువ్వు తొక్కుకుంటూ రాక తప్పదు. మేడ మీద గదిలో పక్క వేసి ఉంచాను. బంగాళదుంపల రొట్టె చేస్తాను, నువ్వు పెద్దగా మెచ్చుకోనక్కర్లేదు.

ఆదివారం తిన్నగా ఆశ్రమానికే వెళ్లు. వాన పడేట్టుంది, కాళ్లు ఎలాగూ తడుస్తాయి. గుమ్మం దగ్గర ఆగి, తడి మేజోళ్లు విప్పి సంచిలో దాచేసి, పొడివి వేసుకుని లోపలికి వెళ్లు.

అక్క